పాత గేమ్ కొత్త కంప్యూటర్‌లో మొరాయిస్తే: ముందు లక్షణం చూడండి

ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి ఆడిన వైస్ సిటీ, స్కూల్ ల్యాబ్‌లో సార్ అటు తిరగ్గానే తెరిచిన డేంజరస్ డేవ్ విండోస్ 11లో తెరుచుకోకపోతే చాలామంది చేసే పని ఒకటే. ఐకాన్ మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీకి వెళ్లి, కనబడిన ప్రతి గడిలో టిక్ పెట్టేస్తారు. దాంతో ఏ టిక్ పనిచేసిందో, ఏది ఉన్నదాన్ని చెడగొట్టిందో తెలియకుండా పోతుంది. గేమ్ ఏ దశలో, ఎలా ఆగిందో గమనిస్తే కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది. కాబట్టి ఒకసారి ఒక్క మార్పే చేసి, గేమ్ నడిపి చూసి, తర్వాత ఇంకోటి చేయండి.

"ఈ యాప్ మీ పీసీలో నడవదు" అని మెసేజ్ వస్తోంది

గేమ్ 16 బిట్ కాలానిది, అంటే నేటి 64 బిట్ కంప్యూటర్లకు చాలా ముందు రకం ప్రోగ్రామ్. డేవ్, మొదటి ప్రిన్స్ ఆఫ్ పర్షియా లాంటి, విండోస్‌కు ముందున్న డాస్ కోసం చేసిన గేమ్‌లు ఈ కోవలోవే. 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రామ్‌లను నడిపే భాగమే లేదు. విండోస్ 11 వచ్చిందే 64 బిట్‌లో. కాబట్టి ఇక్కడ కంపాటిబిలిటీ మోడ్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు.

పాత డాస్ కంప్యూటర్‌ను అనుకరించే డాస్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకోండి. గేమ్ ఫైల్‌ను మౌస్‌తో లాక్కొచ్చి డాస్‌బాక్స్ ఐకాన్ మీద వదిలితే చాలు, కమాండ్లేవీ టైప్ చేయక్కర్లేదు. ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కితే ఫుల్ స్క్రీన్ అవుతుంది.

1990ల చివరి విండోస్ గేమ్‌లలో ఇంకో చిక్కుంది. గేమ్ 32 బిట్‌దే, దాన్ని ఇన్‌స్టాల్ చేసే సెటప్ మాత్రం 16 బిట్‌ది. అలాంటప్పుడు ఆ సెటప్‌ను నడిపించే ఓటీవీడీఎమ్ అనే ఉచిత ప్రోగ్రామ్ పనికొస్తుంది.

గేమ్ మరీ వేగంగా పరిగెడుతోంది, లేదా బండ్లు వింతగా ప్రవర్తిస్తున్నాయి

కంప్యూటర్ స్లో అయిందేమోనని ర్యామ్ పెంచే ఆలోచన చేస్తారు కొందరు. నిజానికి ఇక్కడ జబ్బు దానికి పూర్తిగా వ్యతిరేకం: కంప్యూటర్ వేగం ఎక్కువైంది. కొన్ని పాత గేమ్‌లు గడియారం చూసుకోవు. ఒక్కో ఫ్రేమ్‌కు, అంటే తెర మీద మారే ఒక్కో బొమ్మకు, ఇంత దూరం కదలాలని రాసి ఉంటుంది. సెకనుకు 30 ఫ్రేమ్‌లు వస్తాయనుకున్న చోట 200 వస్తే ఆ లెక్కలన్నీ తప్పుతాయి. వైస్ సిటీ తర్వాత వచ్చిన శాన్ ఆండ్రియాస్‌లో ఫ్రేమ్‌లకు హద్దు పెట్టే ఫ్రేమ్ లిమిటర్ తీసేసి ఈత కొట్టించి చూడండి, హీరో సీజే నీళ్లలో ఉన్నచోటే ఉన్నట్టు ఉంటాడు.

డాస్ గేమ్ అయితే డాస్‌బాక్స్‌లో కంట్రోల్ పట్టుకుని ఎఫ్11 నొక్కండి, వేగం తగ్గుతుంది. ఎఫ్12 నొక్కితే పెరుగుతుంది. సాధారణ డాస్‌బాక్స్‌లో ఈ వేగాన్ని చెప్పే అంకె (సైకిల్స్) పైన టైటిల్ బార్‌లోనే కనిపిస్తుంది. పాత గేమ్‌లకు మామూలుగా 3000 దగ్గర మొదలవుతుంది, అక్కణ్నుంచి కొద్దికొద్దిగా మార్చుకోండి. ల్యాప్‌టాప్‌లో ఎఫ్ఎన్ కీ కూడా పట్టుకోవాల్సి రావచ్చు.

వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్ అయితే డిస్‌ప్లే ఆప్షన్లలో ఫ్రేమ్ లిమిటర్ ఆన్ చేయండి. ఈ గేమ్‌లలోని లోపాలను సరిచేసే సైలెంట్‌ప్యాచ్ కూడా తప్పకుండా వేసుకోండి. ఈ రెండు గేమ్‌లకు దీనికి మించిన మందు లేదు, ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఇదే. లిమిటర్ లేని గేమ్‌లకు గ్రాఫిక్స్ కార్డు కంట్రోల్ ప్యానెల్‌లో ఫ్రేమ్‌ల పరిమితి పెట్టుకోవచ్చు.

శాన్ ఆండ్రియాస్‌లో మౌస్ కదలకపోతే గేమ్ మూసేసి, డాక్యుమెంట్స్‌లో ఆ గేమ్ పేరుతో ఉన్న యూజర్ ఫైల్స్ ఫోల్డర్ తెరవండి. అందులో 'జీటీఏ_ఎస్ఏ.సెట్' అనే ఫైల్ తీసేయండి. పోయేది సెట్టింగ్స్ మాత్రమే. సేవ్ ఫైళ్లు పక్కనే ఉంటాయి, వాటి జోలికి వెళ్లకండి.

గడ్డి ఎర్రగా, నీళ్లు ఊదా రంగులో కనిపిస్తున్నాయి

1999 నాటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో విండోస్ విస్టా, 7 రోజుల నుంచీ ఉన్న గోల ఇది. గ్రాఫిక్స్ కార్డు పాడైందని టెన్షన్ పడకండి. ఆ గేమ్ తెర మీది ప్రతి చుక్కకూ రంగు రాసిపెట్టదు, 0 నుంచి 255 లోపు ఒక అంకె మాత్రమే రాస్తుంది. ఏ అంకెకు ఏ రంగో చెప్పే పట్టిక వేరుగా ఉంటుంది. డెస్క్‌టాప్‌ను నడిపే ఎక్స్‌ప్లోరర్ మధ్యలో వేలుపెట్టి ఆ పట్టికలో కొన్ని గళ్లు మార్చేస్తుంది. గడ్డి అంకె అదే, ఆ గడిలో రంగు మాత్రం మారిపోయింది.

గేమ్ ఫైల్ ప్రాపర్టీస్‌లో, కంపాటిబిలిటీ కింద 'రెడ్యూస్డ్ కలర్ మోడ్' ఉంటుంది. అందులో 8 బిట్ ఎంచుకోండి. అప్పటికీ కుదరకపోతే సీఎన్‌సీ-డీడ్రా అనే చిన్న ప్రోగ్రామ్ ఫైళ్లను గేమ్ ఫోల్డర్‌లో పెట్టండి. అది గేమ్ పంపే పాత బొమ్మలను నేటి గ్రాఫిక్స్ కార్డుకు అర్థమయ్యేలా మార్చి ఇస్తుంది. పాత త్రీడీ గేమ్‌లలో, ముఖ్యంగా అప్పటి 3డీఎఫ్ఎక్స్ గ్రాఫిక్స్ కార్డుల కోసం చేసిన గ్లైడ్ గేమ్‌లలో, ఇదే పని డీజీవూడూ 2 అనే ప్రోగ్రామ్ చేస్తుంది.

ఫలానా డీఎల్ఎల్ లేదంటోంది

డీఎల్ఎల్ అంటే గేమ్ వాడుకునే సహాయక ఫైల్. దాని పేరులో 'డీ3డీఎక్స్9' అని ఉంటే కావాల్సింది డైరెక్ట్‌ఎక్స్ 9 సహాయక ఫైళ్లు. విండోస్‌లో డైరెక్ట్‌ఎక్స్ 12 ఉన్నా ఇవి దాంతోపాటు రావు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే 2010 జూన్ డైరెక్ట్‌ఎక్స్ రన్‌టైమ్ ఒక్కటి వేస్తే సరిపోతుంది. ఆ ఒక్క డీఎల్ఎల్ ఫైల్‌ను వెతికి ఏదో ఒక సైట్ నుంచి దించుకోకండి. వైరస్‌కు తలుపు తీసినట్టే.

'డైరెక్ట్‌ప్లే' అడిగితే అది మీ విండోస్‌లోనే ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ ఫీచర్స్ తెరిచి, లెగసీ కాంపోనెంట్స్ కింద డైరెక్ట్‌ప్లేకు టిక్ పెట్టండి.

ఒరిజినల్ సీడీ పెట్టినా గేమ్ తెరుచుకోవడం లేదు

సీడీ అసలైనదో కాదో చూసే సేఫ్‌డిస్క్ అనే తాళం చాలా గేమ్‌లలో ఉండేది. దాని డ్రైవర్ వల్ల భద్రతకు ముప్పు ఉండటంతో 2015లో విండోస్ 10లో మైక్రోసాఫ్ట్ దానికి చోటివ్వలేదు. అదే ఏడాది సెప్టెంబర్ అప్‌డేట్‌తో అంతకుముందు వెర్షన్లలోనూ ఆపేసింది. ఆ డ్రైవర్‌ను మళ్లీ ఎక్కించే చిట్కాలు దొరుకుతాయి గానీ, బ్యాంకు పనులూ చూసుకునే కంప్యూటర్‌లో ఒక గేమ్ కోసం ఆ పని వద్దు. గేమ్ కంపెనీ సీడీ అడగని ప్యాచ్ ఇచ్చిందేమో చూడండి. లేకపోతే గేమ్‌లను ఇలాంటి తాళాలు లేకుండా అమ్మే జీఓజీ అనే సైట్‌లో వెతకండి, డిస్కౌంట్ సమయంలో చాలా తక్కువకే వస్తాయి.

బొమ్మ సాగిపోయింది, లేదా సగమే కనిపిస్తోంది

సాగితే: గేమ్ 4:3 తెర కోసం, అంటే పాతకాలపు తక్కువ వెడల్పు తెర కోసం చేసింది. 2005 నాటి నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్‌తో సహా చాలా గేమ్‌లకు అభిమానులు చేసిన వైడ్‌స్క్రీన్ ఫిక్స్‌లు ఉన్నాయి. అవి లేకపోతే గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో స్కేలింగ్‌ను 'ఆస్పెక్ట్ రేషియో'కు మార్చండి, పక్కన నల్ల పట్టీలు వచ్చినా మనుషులు మనుషుల్లా కనిపిస్తారు.

సగమే కనిపిస్తే: కంపాటిబిలిటీలో 'హై డీపీఐ' సెట్టింగ్ తెరిచి, స్కేలింగ్ బాధ్యతను 'అప్లికేషన్'కు ఇవ్వండి.

సేవ్ చేసిన ఆట మాయమవుతోంది

గేమ్ 'ప్రోగ్రామ్ ఫైల్స్' ఫోల్డర్‌లో ఉంటే, విస్టా నుంచీ అక్కడ రాయడానికి అనుమతి ఉండదు. విండోస్ ఆ సేవ్ ఫైళ్లను చాలాసార్లు యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్‌లోని 'వర్చువల్‌స్టోర్'లో దాస్తుంది, ముందు అక్కడ చూడండి. తర్వాత సీ డ్రైవ్‌లో గేమ్స్ అని విడిగా ఫోల్డర్ చేసి, గేమ్‌ను అందులోకి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకుని, దొరికిన సేవ్ ఫైళ్లను అక్కడికి కాపీ చేయండి.