జీవాయుధ దాడి జరిగితే: హైదరాబాద్ ఆసుపత్రులు ముందే చేసుకోవలసిన ఏర్పాట్లు

2001లో అమెరికాలో ఆంత్రాక్స్ (ప్రాణాంతక జబ్బు తెచ్చే బ్యాక్టీరియా) పొడి పెట్టి పంపిన ఉత్తరాల వల్ల 22 మంది జబ్బుపడి, వారిలో ఐదుగురు మరణించారు. ఆ దాడి మొదట బయటపడింది ఫ్లోరిడాలో ఒక రోగి వెన్నునీటిని మైక్రోస్కోపు కింద చూసి అనుమానించిన వైద్యుని వల్లనే. అందుచేత సన్నాహం ఓపీ గదిలోనే మొదలుకావాలి.

వానాకాలంలో నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి వచ్చే వందలాది జ్వరాల మధ్య తేడా గల ఒక్క జ్వరాన్ని పట్టుకోవడమే అన్నిటికన్నా కష్టమైన పని. ఆరోగ్యంగా ఉన్న మనిషి రెండు మూడు రోజుల్లోనే ఊపిరాడక విషమించడం, ఛాతీ ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల నడిమి భాగం వెడల్పుగా కనిపించడం, జ్వరం లేకుండానే కనురెప్పలు వాలి, మాట ముద్దగా మారి, చచ్చుబడటం పైనుంచి కిందికి దిగడం, ఒకే కార్యాలయం నుంచో ఒకే విందు నుంచో పలువురు ఒకేలా జబ్బుపడి రావడం వంటి లక్షణాలను డ్యూటీ డాక్టరు బల్లమీద రాసి పెట్టాలి.

అనుమానం కలిగిన వెంటనే, ల్యాబు ఫలితం కోసం ఆగకుండా, జిల్లా వ్యాధి నిఘా అధికారికి ఫోన్ చేయాలి; ప్రభుత్వ వ్యాధి నిఘా పోర్టల్‌లో వివరాలు నింపడం ఆ తరువాతి పని. బస్తీ దవాఖానాలకూ, చిన్న నర్సింగ్ హోములకూ ఆ నంబరు అందడం మరీ ముఖ్యం, ఎందుకంటే తొలి రోగి పెద్దాసుపత్రికే వస్తాడన్న భరోసా లేదు. నమూనాను మూడు పొరల్లో భద్రపరచి, ల్యాబుకు ముందుగా చెప్పి పంపాలి. చెప్పకపోతే అక్కడి సిబ్బందికే ముప్పు.

ఆంత్రాక్స్ ఊపిరి ద్వారా మనిషి నుంచి మనిషికి అంటదు, న్యుమోనిక్ ప్లేగు (ఊపిరితిత్తులకు సోకే ప్లేగు) అంటుతుంది. ఏదో తేలేవరకు రోగిని వేరు గదిలో ఉంచి, సిబ్బంది ఎన్95 మాస్కు ధరించాలి.

మందుల లెక్క ముందే వేసుకోవాలి. ఆంత్రాక్స్ పొడి పీల్చినవారికి జబ్బు రాకుండా డాక్సీసైక్లిన్ లేదా సిప్రోఫ్లాక్సాసిన్ రోజుకు రెండుసార్లు చొప్పున 60 రోజులు ఇస్తారు. అంటే వెయ్యి మందికి 1,20,000 మాత్రలు. పిల్లల మోతాదు వేరు కనుక సిరప్ కూడా నిల్వ ఉండాలి.

2020లో గాంధీ ఆసుపత్రిని కొవిడ్‌కే కేటాయించినప్పుడు తక్కిన రోగులు మరో చోటికి వెళ్లవలసి వచ్చింది. ఈసారి డయాలసిస్ రోగులూ, కాన్పుకు వచ్చేవారూ ఎక్కడికి వెళ్లాలో ముందే రాసి, తెలుగు, ఉర్దూ ప్రకటనలను సిద్ధం చేసుకోవాలి.

ఏడాదికి రెండుసార్లయినా, చెప్పకుండా, ఆదివారం అర్ధరాత్రి ఆ నిఘా నంబరుకు ఫోన్ చేసి, ఎవరు ఎత్తారో, ఎన్ని నిమిషాలకు ఎత్తారో రిజిస్టరులో రాయాలి.