డాలస్‌లో ఎంఎస్: చేతిలో డబ్బులు నిలవట్లేదా? ఎక్కడ కారుతోందో ఇలా పట్టుకోండి

రిచర్డ్‌సన్, డెంటన్, ఆర్లింగ్టన్... డాలస్ చుట్టుపక్కల ఏ క్యాంపస్‌కి వెళ్లినా మన పిల్లలు కనిపిస్తారు. నెలాఖరుకి అకౌంటు ఖాళీ అయితే చాలామంది మొదట చేసే పని తిండి తగ్గించుకోవడం. దయచేసి ఆ పని చేయకండి. నలుగురు కలిసి వండుకునే ఇంట్లో సరుకుల దగ్గర మిగిలేది కొంచెమే. పెద్ద మొత్తాలు పోయేది మనం చదవకుండా సంతకం పెట్టిన కాగితాల వల్ల, అడగకుండా వదిలేసిన ఆఫీసుల వల్ల.

సమస్య: కరెంటు బిల్లు ఒక నెల 80 డాలర్లు, ఇంకో నెల 178

కారణం: రిచర్డ్‌సన్, అర్వింగ్ లాంటి చోట్ల కరెంటు కంపెనీని మనమే ఎంచుకోవాలి. "యూనిట్ 8 సెంట్లే" అని కనపడగానే ప్లాన్ తీసేసుకుంటాం. చాలా ప్లాన్లలో ఆ 8 సెంట్లు సరిగ్గా 1,000 యూనిట్లు కాల్చినప్పుడు వచ్చే లెక్క. ఉదాహరణకి, అసలు రేటు 18 సెంట్లు, 1,000కి చేరితే 100 డాలర్ల తగ్గింపు అనుకోండి. 1,000 యూనిట్లకి 180 అవుతుంది, వంద పోగా 80 కడతారు. అదే 990 యూనిట్లే కాల్చితే తగ్గింపు రాదు, 178 డాలర్లు కట్టాలి. అంటే పది యూనిట్లు పొదుపు చేసినందుకు రెండింతలకు పైగా బిల్లు! ఏసీ అంతగా వేయని నెలల్లో 600 యూనిట్లే అయినా 108 కట్టాల్సిందే.

పరిష్కారం: ప్రతి ప్లాన్‌కీ ఎలక్ట్రిసిటీ ఫ్యాక్ట్స్ లేబుల్ అని ఒక కాగితం ఉంటుంది. అందులో 500, 1,000, 2,000 యూనిట్లకి సగటు రేటు విడివిడిగా రాసి ఉంటుంది. 500 దగ్గర రేటు బాగా ఎక్కువై, 1,000 దగ్గర ఒక్కసారిగా పడిపోతే అది తగ్గింపు ప్లానే, వదిలేయండి. మూడు చోట్లా రేటు దాదాపు ఒకేలా ఉన్నది తీసుకోండి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ నడిపే 'పవర్ టు చూజ్' వెబ్‌సైట్‌లో అన్నీ పక్కపక్కన చూడొచ్చు. కాంట్రాక్టు ముగిసే తేదీ ఫోన్‌లో పెట్టుకోండి. ఆఖరి 14 రోజుల్లో కంపెనీ మారితే పెనాల్టీ ఉండదు. మారకుండా వదిలేస్తే మాత్రం ఎక్కువ రేటున్న నెలవారీ ప్లాన్‌లో పడిపోతారు. డెంటన్‌లో ఉండేవాళ్లకి ఈ టెన్షన్ లేదు, అక్కడ కరెంటు ఇచ్చేది సిటీవాళ్లే.

సమస్య: ఇంటర్న్‌షిప్ జీతం అనుకున్నదానికంటే తక్కువ పడుతోంది

పే స్టబ్ (జీతం చీటీ) తెరిచి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ అనే రెండు పన్నుల లైన్లు చూడండి. అక్కడ కోత కనిపిస్తే, చాలావరకు అది మీకు తిరిగి రావాల్సిన డబ్బే.

కారణం: ఎఫ్-1 (స్టూడెంట్) వీసా మీద వచ్చినవాళ్లు మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఈ పన్ను కట్టక్కర్లేదు. డిసెంబరులో దిగినా ఆ ఏడాది ఒకటి కింద లెక్కే. సీపీటీ (చదువులో భాగంగా చేసే పని), ఓపీటీ (చదివిన రంగంలో తాత్కాలిక పని) ఉద్యోగాలకీ ఇదే వర్తిస్తుంది, హెచ్-1బీ ఉద్యోగ వీసాకి మారాక మాత్రం కట్టాలి. చిన్న కంపెనీల పేరోల్‌వాళ్లకి ఈ సంగతి తరచు తెలియదు, అందరితో పాటు మనకీ కోసేస్తారు. రెండూ కలిపి 7.65 శాతం. నెలకి 5,000 డాలర్లు వచ్చేవాళ్లకి 382 డాలర్ల పైమాటే. 

పరిష్కారం: ముందు హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి, కోసింది వెనక్కివ్వమని అడగండి. గట్టిగానే అడగండి, ఇది మీరు కోరే సాయం కాదు, చట్టం ఇచ్చిన మినహాయింపు. వాళ్లు ఇవ్వకపోతే డబ్బు వెనక్కి అడిగే ఫారం 843కి ఫారం 8316 జతచేసి, డబ్ల్యూ-2 (ఏడాది జీతం, కోతల పత్రం), ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చిన పత్రం), వీసా కాపీలతో ఐఆర్‌ఎస్‌కి, అంటే అమెరికా పన్నుల శాఖకి పంపాలి. నెలలు పట్టినా పంపండి.

పన్ను రిటర్నుల దగ్గర ఇంకో మాట. ఈ ఐదేళ్లూ మనం దాఖలు చేయాల్సింది 1040-ఎన్‌ఆర్, మామూలు 1040 కాదు. భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ అధికరణం ప్రకారం మన విద్యార్థులకి స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను పడని నిర్ణీత మొత్తం) దొరుకుతుంది, చాలా దేశాల విద్యార్థులకి అది లేదు. క్యాంపస్ జాబ్ ఒక్కటే ఉన్నవాళ్లకి దీనివల్ల ఫెడరల్ పన్ను తరచు సున్నా అవుతుంది. ఆదాయం లేకపోయినా ఫారం 8843 తప్పనిసరి.

సమస్య: ట్యూషన్ ఫీజు టెక్సస్ వాళ్లకంటే చాలా ఎక్కువ

కారణం మనం బయటి రాష్ట్రం కింద లెక్కకి రావడం. కానీ టెక్సస్ చట్టంలో ఒక దారి ఉంది. ప్రభుత్వ యూనివర్సిటీలో పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ కనీసం 1,000 డాలర్లు వస్తే, టెక్సస్ వాళ్ల ఫీజుకే చదవొచ్చు. ఇలా ఇచ్చే సీట్లకి పరిమితి ఉంది కాబట్టి అందరికీ రాదు. వెయ్యి డాలర్లే కదా అని అప్లై చేయనివాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. టీచింగ్, రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్‌లకీ ఇలాంటి వెసులుబాటు ఉంది. సెమిస్టర్ మొదలయ్యాక కాదు, ముందే డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ పెట్టండి.

సమస్య: ఇంట్లోవాళ్లు పంపిన డబ్బులో కొంత దారిలోనే తగ్గిపోతోంది

లోన్ మొత్తం ఒకేసారి తీసుకోకండి, తీసుకున్న రోజు నుంచే వడ్డీ లెక్క మొదలవుతుంది. సెమిస్టర్ ఫీజు గడువుని బట్టి విడతలుగా అడగండి. నాన్నగారు సొంత డబ్బు పంపితే, ఏడాదికి 10 లక్షలు దాటినదాని మీద బ్యాంకు టీసీఎస్ (పంపేటప్పుడే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. గుర్తింపు ఉన్న సంస్థల లోన్ మీద అది లేదు. పట్టుకున్నది ఆయన ఐటీ రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది, మర్చిపోకుండా క్లెయిమ్ చేయమనండి.

సమస్య: జ్వరానికి వేల డాలర్ల బిల్లు

ఎమర్జెన్సీ రూముకి వెళ్లడమే కారణం. ప్రాణం మీదకి వస్తే క్షణం ఆలోచించకుండా వెళ్లండి. మామూలు జ్వరానికి క్యాంపస్ హెల్త్ సెంటర్ చాలు. బిల్లు వచ్చేసి ఉంటే, లాభాపేక్ష లేని ఆసుపత్రులకి ఆర్థిక సాయం పాలసీ ఉండి తీరాలి, దాని అప్లికేషన్ అడగండి.

సమస్య: "మీ ఫీజు మేం కడతాం, 10 శాతం తక్కువకే"

ఇది మోసం. దొంగిలించిన కార్డుతో మీ ఫీజు కడతారు, పోర్టల్‌లో బాకీ సున్నా అని కనిపిస్తుంది, నమ్మి 90 శాతం పంపేస్తారు. కొన్ని వారాలకి కార్డు అసలు యజమాని ఫిర్యాదు చేస్తాడు, యూనివర్సిటీ నుంచి ఆ డబ్బు వెనక్కి పోతుంది. ఫీజు మళ్లీ కట్టాలి, పైగా విచారణ. చెప్పింది మన ఊరివాడైనా సరే, ఒప్పుకోకండి.

సమస్య: ఇల్లు ఖాళీ చేశాక డిపాజిట్ రాలేదు

టెక్సస్‌లో ఖాళీ చేసిన 30 రోజుల్లోగా తిరిగివ్వాలి, కోస్తే దేనికెంతో రాసివ్వాలి. అయితే మీ కొత్త అడ్రస్ రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. మామూలు అరుగుదలకి కోయకూడదు. దిగిన రోజు, వెళ్లే రోజు ఇల్లంతా వీడియో తీయండి, కార్పెట్ మూలలు, ఓవెన్ లోపల కూడా. రూమ్మేట్ మధ్యలో వెళ్లిపోతుంటే డిపాజిట్‌లో ఎవరి వాటా ఎంతో, ఎవరు ఎవరికివ్వాలో ఆ రోజే రాసి సంతకాలు పెట్టుకోండి. లీజు అయ్యేదాకా అపార్ట్‌మెంట్ ఆఫీసు సాధారణంగా ఎవరి వాటా వాళ్లకి విడిగా ఇవ్వదు.