నవల్లో పేర్లు గుర్తుండకపోతే పెళ్లికార్డు ముక్క చాలు

ఈ నెలంతా మా అనంతపురంలో ఎండకు బయటికి పోకుండా చారిత్రక నవలలు, ఫాంటసీలే చదివినా, రెండ్రోజులు గ్యాప్ వస్తే ఎవరు ఎవరికి ఏమైతారో మర్చిపోయి మళ్లీ వెనక్కి తిప్పాల్సొచ్చేది. ఇప్పుడు పాత పెళ్లికార్డును సగానికి కట్ చేసి అదే బుక్‌మార్క్‌గా పెట్టుకుంటున్నా. ఒకవైపు పది పన్నెండు పేర్లు, పక్కన చుట్టరికం, మొదట కనిపించిన పేజీ నంబరు, అన్నీ పెన్సిల్‌తోనే. వెనకవైపు ఊర్లు, సంవత్సరాలు. 1565 తళ్లికోట యుద్ధం, తర్వాత రాజధాని పెనుకొండకు, ఇట్లా రెండు ముక్కలు రాసుకుంటే విజయనగర సామ్రాజ్యం కథ తికమక పడదు, పెనుకొండ మన పక్కనే కదా, ఆ పేరొస్తే భలే సంతోషం. ఫాంటసీకైతే చిన్న మ్యాప్ గీసుకోండి. మెరిసే కార్డు మీద మాత్రం పెన్సిల్ పడదు, గరుకుగా ఉండేది చూసుకోండి, రెండోసారి కనిపించినోళ్లనే రాయండి, లేకుంటే యాభై పేజీలకే నిండిపోతుంది.