కథలో ఆయుధం – 4వ పాఠం: నింజా షురికెన్‌కు ఉక్కు

పోయిన పాఠంలో మీ నింజా చేతికి అరచేతిలో ఇమిడే నాలుగు మొనల షురికెన్ (విసిరే ఆయుధం) ఇచ్చాం. ఆకారం, బరువు, దాచుకునే చోటు రాసుకున్నారు. ఈసారి దానికి ఉక్కు తయారుచేద్దాం. ఉక్కు కల్పితమే అయినా, రాసేవాళ్లకు అసలు కొలిమి పని తెలిసి ఉంటేనే చదివేవాళ్లు నమ్ముతారు.

జపాన్‌లో షిమానే ప్రాంతపు ఒకుఇజుమోలో ‘తతర’ అనే మట్టి కొలిమిని ఇప్పటికీ చలికాలంలో వెలిగిస్తారు. ఇనుప ఇసుక, కట్టెబొగ్గు మార్చి మార్చి పోస్తూ మూడు పగళ్లూ మూడు రాత్రులూ ఆపకుండా మండిస్తారు. ‘మురగె’ అనే పెద్ద మేస్త్రి మంట రంగు చూసి ఎప్పుడు ఎంత పోయాలో చెబుతాడు. సుమారు 10 టన్నుల ఇసుకకు, 12 టన్నుల బొగ్గుకు రెండున్నర టన్నుల ఉక్కు ముద్ద వస్తుంది. దాన్ని తీయాలంటే కొలిమిని పగలగొట్టాల్సిందే. అందులోనూ కత్తికి పనికొచ్చే మేలురకం ఉక్కు, ‘తమహగనే’, కొంతే.

ఆ ముద్ద అంతటా ఒకే తీరుగా ఉండదు. ఒకచోట కార్బన్ ఎక్కువ, ఒకచోట తక్కువ, మధ్యలో చిట్టెం (ఇనుము కరిగేటప్పుడు మిగిలే మడ్డి). అందుకే కమ్మరి దాన్ని కాల్చి, సాగగొట్టి, మడిచి మళ్లీ కొడతాడు. మడతల్లో మంత్రమేమీ లేదు, ఉక్కును ఒక తీరుకు తేవడమే వాటి పని. (మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు దారి వేరు. అది మూసలో, అంటే మూసిన మట్టి పాత్రలో, కరిగి తయారయ్యేది. కథలో ఈ రెండింటినీ కలిపెయ్యకండి.)

ఇంత శ్రమపడి తీసిన ఉక్కును ఎవరైనా విసిరి పారేస్తారా? విసిరే ఆయుధాలకు మామూలు ఇనుము చాలు. మేకులాంటి ఇంటి సామాను కూడా పనికొచ్చేది. మీ కథలో తమహగనేను మించిన ఉక్కుతో షురికెన్ చేయించారంటే, ఎందుకు చేయించారో మీరు చెప్పి తీరాలి. నా దృష్టిలో కథ పుట్టేది అక్కడే. ఊరు మొత్తానికి అలాంటివి మూడే ఉన్నాయనుకోండి. విసిరినవాడు ప్రాణాలకు తెగించైనా వెనక్కి వెళ్లి తెచ్చుకోవాలి.

ఇక రెండో సంగతి, పెళుసుదనం. ఉక్కు ఎంత గట్టిపడితే అంత తేలిగ్గా విరుగుతుంది. కటానాకు (జపాన్ పొడవాటి కత్తికి) పదను పట్టించే ముందు, అంటే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచే ముందు, అంచుకు పలచగా, వీపుకు మందంగా మట్టి పూస్తారు. నీళ్లలో ముంచగానే అంచు చప్పున చల్లారి గట్టిపడుతుంది, వీపు మెత్తగా మిగిలి దెబ్బకు ఓర్చుకుంటుంది. మరి నాలుగు మొనలున్న షురికెన్‌కు వీపేది? మీ కమ్మరి మట్టిని నడుమన మందంగా పూసి, మొనల్ని దాదాపు వదిలెయ్యాలి. అప్పుడు మొన దిగుతుంది, రాతికి తగిలితే విరుగుతుంది.

‘ఆ ఉక్కు దేన్నయినా చీలుస్తుంది’ అని రాస్తే చదివేవాడికి భయమూ ఉండదు, ఆశా ఉండదు. ఇలా రాసి చూడండి: ‘మొన గోడరాయికి తగిలి ఎగిరిపడింది. వాడు చీకట్లో తడుముకుంటూ ఆ ముక్క కోసం వెతికాడు. తెల్లారేలోగా కొలిమి పెద్దకు లెక్క అప్పజెప్పాలి.’

అభ్యాసం: మీ ఉక్కు ఏ ఇసుకతో, ఎవరి చేతుల్లో తయారైందో, ఏ దెబ్బకు విరుగుతుందో పది వాక్యాల్లో రాయండి. ‘మహిమ’ అనే మాట వాడొద్దు. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, వచ్చే పాఠంలో ఆ షురికెన్ శత్రువు చేతికి చిక్కే సన్నివేశం రాస్తాం.