వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి మల్టీఛానల్ ఆడియో ఎక్స్‌పోర్ట్ చేయడం ఎలా?

ఎడిటింగ్ అయిపోయింది, సరౌండ్ మిక్స్ చేశారు, ఎక్స్‌పోర్ట్‌లో 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) అని ఎంచుకుని బటన్ నొక్కారు, ఫైల్ వచ్చింది. తీరా హోమ్ థియేటర్‌లో పెడితే ముందున్న రెండు స్పీకర్లే పలుకుతున్నాయి, మిగతావన్నీ మౌనం. ఇలా అయినప్పుడు చాలామంది ఎక్స్‌పోర్ట్ విండోలో గంటల తరబడి వెతుకుతారు, కానీ ఎక్కువసార్లు తప్పు అక్కడ ఉండదు, టైమ్‌లైన్ మొదలుపెట్టిన రోజే జరిగిపోయి ఉంటుంది. టైమ్‌లైన్ మాస్టర్ (ట్రాక్‌లన్నీ చివరికి కలిసే అవుట్‌పుట్) స్టీరియో అయితే ఫైల్‌లో ఆరు ఛానళ్లు ఉన్నా శబ్దం ఉండేది రెండింటిలోనే. అందుకే ఎక్స్‌పోర్ట్ బటన్ దగ్గరికి కాస్త ఆలస్యంగా వెళ్దాం.

ముందు ఇది తేల్చుకోండి: ఒక ట్రాక్‌లో ఆరు ఛానళ్లా, లేక చాలా ట్రాక్‌లా?

మల్టీఛానల్ అనే మాటను రెండు వేరే వేరే పనులకు వాడుతుంటారు. మొదటిది 5.1 లాంటి సరౌండ్: ఆడియో ట్రాక్ ఒక్కటే, దాని లోపల ఆరు ఛానళ్లు, అన్నీ ఒకేసారి ఆరు స్పీకర్లకు వెళ్తాయి. రెండోది ఒకే వీడియో ఫైల్‌లో డైలాగులు ఒక ట్రాక్, సంగీతం ఒక ట్రాక్, ఎఫెక్ట్స్ ఇంకో ట్రాక్‌గా విడివిడిగా పెట్టడం. డబ్బింగ్ చేసేవాళ్లకు కావలసింది ఇదే, ఎందుకంటే డైలాగులు తీసేసి వేరే భాష పెట్టాలంటే సంగీతం, ఎఫెక్ట్స్ విడిగా ఉండాలి. రెండు భాషల ఆడియో ఒకే ఫైల్‌లో ఇవ్వడం కూడా ఈ కోవలోకే వస్తుంది.

కాబట్టి ఫైల్ ఎవరికి పంపుతున్నారో వాళ్లని మొహమాటపడకుండా అడగండి: ఎన్ని ట్రాక్‌లు కావాలి, ఒక్కో ట్రాక్‌లో ఎన్ని ఛానళ్లు, ఏ వరుసలో? ఈ మూడూ తెలియకుండా రెండర్ (చివరి ఫైల్ తయారీ) పెట్టడం అంటే మళ్లీ రెండర్ పెట్టుకోవడానికి సిద్ధపడటమే.

వరుస గురించి కాస్త ఎక్కువే చెప్తాను

ఆరు ఛానళ్లకు పేర్లున్నాయి: ఎడమ, కుడి, సెంటర్, ఎల్‌ఎఫ్‌ఈ (సబ్‌వూఫర్‌కి వెళ్లేది), ఎడమ సరౌండ్, కుడి సరౌండ్. ఇప్పుడు చెప్పిన ఈ క్రమమే వీడియో పనుల్లో ఎక్కువగా కనిపిస్తుంది, వేవ్ (.wav) ఫైల్ కూడా దీన్నే పాటిస్తుంది. సినిమా మిక్సింగ్ వైపు మరో వరుస ఉంది: ఎడమ, సెంటర్, కుడి, ఎడమ సరౌండ్, కుడి సరౌండ్, చివర్లో ఎల్‌ఎఫ్‌ఈ. రెండింటిలోనూ ఆరు ఛానళ్లే, రెండూ ఒకే సైజు ఫైళ్లే, పైకి చూస్తే తేడా ఏమీ తెలియదు.

ఒకసారి బయట మిక్స్ అయి వచ్చిన ఆరు ఛానళ్ల వేవ్ ఫైల్‌ని నేను నేరుగా టైమ్‌లైన్‌లో వేశాను. అది సినిమా వరుసలో ఉంది, నా సాఫ్ట్‌వేర్ మామూలు వరుస అనుకుని చదివింది. డైలాగులన్నీ సెంటర్ నుంచి కాక కుడి స్పీకర్ నుంచి వచ్చాయి. సంగీతంలో కుడివైపు ఉండాల్సినవి మధ్యలోకి వచ్చాయి. ఎడమ సరౌండ్‌లో ఉన్న వాన చప్పుడు సబ్‌వూఫర్‌లోకి పోయి దాదాపు మాయమైంది, సబ్‌వూఫర్‌లో వినాల్సిన ఉరుము వెనక కుడి స్పీకర్‌లో గురగురమంది. హెడ్‌ఫోన్స్‌లో స్టీరియోగా విన్నప్పుడు మాత్రం "డైలాగ్ కాస్త కుడికి జరిగిందే" అనిపించిందంతే! ఆ రోజు నుంచి బయటి నుంచి ఏ ఫైల్ వచ్చినా ఛానల్ ఛానల్‌గా సోలో చేసి (మిగతావి ఆపి) విన్నాకే టైమ్‌లైన్‌లో పెడుతున్నాను.

టైమ్‌లైన్‌ని సిద్ధం చేయడం

ప్రీమియర్ ప్రోలో కొత్త సీక్వెన్స్ (టైమ్‌లైన్‌కి అక్కడి పేరు) తయారు చేసేటప్పుడు ట్రాక్స్ అనే ట్యాబ్ ఉంటుంది. అందులో మిక్స్ (పాత వెర్షన్లలో మాస్టర్) ఏ రకమో అక్కడే ఎంచుకోవాలి. సరౌండ్ కావాలంటే 5.1, విడివిడి ట్రాక్‌లు కావాలంటే మల్టీఛానల్ పెట్టి ఎన్ని ఛానళ్లో అంకె ఇవ్వాలి. ఎడిటింగ్ మొత్తం స్టీరియో సీక్వెన్స్‌లో చేసేసి ఉంటే టెన్షన్ పడొద్దు, సరైన రకంతో కొత్త సీక్వెన్స్ తెరిచి పాతదాంట్లోవన్నీ కాపీ చేసి పేస్ట్ చేయండి. మల్టీఛానల్ పెట్టినవాళ్లు ఆడియో ట్రాక్ మిక్సర్‌లోకి వెళ్లి ఏ ట్రాక్ ఏ ఛానళ్లకు వెళ్లాలో చెప్పాలి: ఉదాహరణకు డైలాగులు 1, 2కి, సంగీతం 3, 4కి, ఎఫెక్ట్స్ 5, 6కి. మోనో ట్రాక్ అయితే ఇంకో చిన్న పని ఉంది: బేసి ఛానల్‌లోకి వెళ్లాలంటే ప్యాన్ (శబ్దం ఎటు వెళ్లాలో చెప్పే నాబ్) పూర్తిగా ఎడమకి, సరి ఛానల్‌లోకి అయితే పూర్తిగా కుడికి తిప్పాలి. మధ్యలో వదిలేస్తే రెండు ఛానళ్లలోకీ పోతుంది.

డావించి రిజాల్వ్‌లో ఫెయిర్‌లైట్ మెనూలో బస్ ఫార్మాట్ తెరిచి మెయిన్ బస్‌ని (బస్ అంటే ట్రాక్‌లు వెళ్లి కలిసే దారి) 5.1కి మార్చండి. ఇది ఎడిటింగ్ మధ్యలో కూడా మార్చుకోవచ్చు, నాకు రిజాల్వ్‌లో బాగా నచ్చిన సంగతుల్లో ఇదొకటి. ఆరు ఛానళ్ల క్లిప్ ఏదైనా ఉంటే దాని క్లిప్ ఆట్రిబ్యూట్స్‌లో ఫార్మాట్ 5.1 అని ఉందో లేదో చూడండి, ట్రాక్ రకం కూడా 5.1 అయి ఉండాలి. డైలాగులు, సంగీతం, ఎఫెక్ట్స్ విడిగా కావాలంటే ఒక్కోదానికి ఒక్కో బస్ చేసి ట్రాక్‌లను వాటికి పంపాలి.

ఫైనల్ కట్ ప్రోలో ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఆడియో ఛానళ్లను సరౌండ్‌కి మారిస్తే సరి. విడి ట్రాక్‌ల కోసం క్లిప్పులకు రోల్స్ (డైలాగ్, సంగీతం లాంటి లేబుళ్లు) ఇచ్చుకుంటూ రావాలి. ఉచితంగా దొరికే షాట్‌కట్‌లో సెట్టింగ్స్ మెనూలో ఆడియో ఛానళ్లను 6కి మార్చుకోవచ్చు.

ఎక్స్‌పోర్ట్‌లో ఏం పెట్టాలి

ఫైల్ ఇంకొకరి చేతికి వెళ్లి అక్కడ ఇంకా పని జరగాలంటే మూవ్ (.mov) లేదా ఎమ్‌ఎక్స్‌ఎఫ్ (.mxf) ఫైల్, అందులో కుదించని పీసీఎం ఆడియో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. ఏఏసీ లాంటి, ఆడియోని కుదించే కోడెక్ వాడితే నాణ్యత తగ్గడమే కాదు, ఎన్‌కోడర్ మొదట్లో కొద్దిపాటి ఆలస్యం చేర్చుతుంది కూడా, తర్వాత సింక్ చూసుకునేవాళ్లకు అది తలనొప్పి.

నేరుగా చూసేవాళ్లకే అయితే ఎమ్‌పీ4లో ఏఏసీ చాలు. యూట్యూబ్ సూచన ప్రకారం స్టీరియోకి 384, 5.1కి 512 కేబీపీఎస్ ఇవ్వాలి. డాల్బీ డిజిటల్ (ఇంకో సరౌండ్ కోడెక్) వాడితే గరిష్ఠం 640, అదే డీవీడీ అయితే 448కి మించకూడదు.

ప్రీమియర్‌లో క్విక్‌టైమ్ (మూవ్ ఫైల్) ఎంచుకుంటే ఆడియో భాగంలో ఛానళ్ల అమరిక కనిపిస్తుంది, అక్కడ ట్రాక్‌లు చేర్చుకోవచ్చు. రిజాల్వ్‌లో డెలివర్ పేజీలో ఆడియో ట్యాబ్: అవుట్‌పుట్ ట్రాక్ 1కి మెయిన్ బస్, ప్లస్ గుర్తు నొక్కి ట్రాక్ 2కి ఇంకో బస్, అలా ఎన్నైనా. ఒక్కో ఛానల్‌ని ఒక్కో మోనో ట్రాక్‌గా రెండర్ చేసే టిక్ కూడా అక్కడే ఉంది, అవతలివాళ్లు మోనో ట్రాక్‌లు అడిగితే తప్ప దాన్ని ముట్టుకోకండి. ఫైనల్ కట్‌లో ఎక్స్‌పోర్ట్ ఫైల్ సెట్టింగ్స్‌లో రోల్స్ దగ్గర మల్టీట్రాక్ క్విక్‌టైమ్ మూవీ అని ఎంచుకోవాలి.

ఆడియో ఒక్కటే వేవ్‌గా తీస్తున్నవాళ్లకు ఒక హెచ్చరిక. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, ఆరు ఛానళ్లు అంటే సెకనుకు 8,64,000 బైట్లు, నిమిషానికి దాదాపు 52 ఎంబీ. మామూలు వేవ్ ఫైల్ 4 జీబీ దాటలేదు. అంటే సుమారు 82 నిమిషాల దగ్గర ఆగిపోతుంది. రెండు గంటల సినిమా అయితే ఆర్‌ఎఫ్64 (పెద్ద ఫైళ్లకు పనికొచ్చే వేవ్ రకం) వాడండి, లేదా ఆరు మోనో ఫైళ్లుగా తీయండి.

పంపేముందు వినండి, చూడండి

నేను ప్రతి ప్రాజెక్ట్‌కీ ఒక చిన్న టెస్ట్ చేస్తాను. నా గొంతుతోనే "ఎడమ", "కుడి", "సెంటర్", "ఎడమ సరౌండ్", "కుడి సరౌండ్" అని ఐదు ముక్కలు రికార్డ్ చేసి పెట్టుకున్నాను, ఒక్కోటి రెండు సెకన్లు. ఎల్‌ఎఫ్‌ఈకి మాత్రం గొంతు పనికిరాదు, ఆ ఛానల్ 120 హెర్ట్జ్ లోపు శబ్దాలకే కాబట్టి 60 హెర్ట్జ్ టోన్ పెడతాను. వీటిని వరుసగా టైమ్‌లైన్‌లో వేసి, ఒక్కోదాన్ని దాని ఛానల్‌కే ప్యాన్ చేసి, అసలు సెట్టింగ్స్‌తోనే పన్నెండు సెకన్ల ఫైల్ ఎక్స్‌పోర్ట్ చేస్తాను. దాన్ని తిరిగి సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చి మీటర్లు చూస్తే చాలు, స్పీకర్లు లేకపోయినా తెలిసిపోతుంది: "సెంటర్" అన్నప్పుడు సెంటర్ మీటర్ ఒక్కటే లేవాలి. ఇంకో రెండు మీటర్లు కూడా లేస్తే ఎక్కడో మిక్స్ కలిసిపోతోందని అర్థం. దీనికి ఐదు నిమిషాలు పడుతుంది, రెండు గంటల రెండర్ వృథా కాకుండా ఆపుతుంది.

అసలు ఫైల్ వచ్చాక మీడియాఇన్ఫోలో (ఫైల్ వివరాలు చూపే సాఫ్ట్‌వేర్) తెరిచి ఆడియో ట్రాక్‌లు ఎన్ని, ఒక్కోదాంట్లో ఛానళ్లు ఎన్ని, వాటి వరుస ఏమిటో చూసుకోండి. విడి ట్రాక్‌ల ఫైల్‌ని వీఎల్‌సీలో పెడితే ఒకసారికి ఒక ట్రాకే వినిపిస్తుంది, సంగీతం పోయిందని కంగారు పడకుండా ఆడియో మెనూలో ట్రాక్ మార్చి వినండి.

స్టీరియోలో కూడా ఒకసారి వినాలి, ఎందుకంటే 5.1 ఫైల్‌ని ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో చూసేవాళ్లు బోలెడుమంది. స్టీరియోకి కుదించేటప్పుడు సాధారణంగా సెంటర్, సరౌండ్‌లు 3 డెసిబెల్స్ తగ్గి ఎడమ కుడిల్లో కలుస్తాయి, ఎల్‌ఎఫ్‌ఈని వదిలేస్తారు. కథకి అవసరమైన శబ్దాన్ని ఎల్‌ఎఫ్‌ఈలో మాత్రమే పెడితే వాళ్లకు అది వినపడనే వినపడదు. కుదిరితే 5.1తో పాటు విడిగా చేసిన స్టీరియో మిక్స్‌ని రెండో ట్రాక్‌గా పెట్టండి.

ఇక ఫైల్‌తో పాటు నాలుగు ముక్కల నోట్ ఒకటి తప్పకుండా పంపండి, నేను పంపేది దాదాపు ఇలా ఉంటుంది: "ట్రాక్ 1: 5.1, పీసీఎం, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. వరుస: ఎడమ, కుడి, సెంటర్, ఎల్‌ఎఫ్‌ఈ, ఎడమ సరౌండ్, కుడి సరౌండ్. ట్రాక్ 2: స్టీరియో మిక్స్. ట్రాక్ 3: డైలాగులు లేకుండా సంగీతం, ఎఫెక్ట్స్, స్టీరియో."