టీవీ, కంప్యూటర్ తెరలు తుడిచే పద్ధతి: ముందు దుమ్ము, తర్వాతే తడి

పాత డబ్బా టీవీకి ముందుండేది మందపాటి గాజు. తడిగుడ్డ వేసినా, న్యూస్ పేపర్ ఉండచుట్టి రుద్దినా దానికేమీ అయ్యేది కాదు. ఇప్పుడు గోడకు బిగించే ఎల్‌ఈడీ టీవీల్లో, టేబుల్ మీది మానిటర్లలో చాలావాటికి పైన ఉన్నది గాజు కాదు, ప్లాస్టిక్ పొర. గాజు ఉంటుంది గానీ ఆ పొర వెనక ఉంటుంది. మన వేలు తగిలేది పోలరైజర్ అనే పలుచని ఫిల్ముకు. దాని మీద లైటు వెలుతురు కళ్లలో కొట్టకుండా ఇంకో సన్నని పూత వేసి ఉంటుంది. ఆ పూత ఒకసారి పోయిందంటే ఇంట్లో మళ్లీ వేసుకునే వీలు లేదు. గాజును తుడిచినట్టే దీన్నీ తుడవడం వల్లే చాలా తెరలు పాడవుతున్నాయి.

పాడయ్యే తీరులు ముఖ్యంగా మూడు. దుమ్ములో ఇసుక, సున్నం రేణువులు ఉంటాయి. గుడ్డతో అదిమి తుడిస్తే ఆ రేణువులే తెరను గీస్తాయి, గుడ్డ ఎంత మెత్తనిదైనా సరే. రెండోది, ఘాటైన లిక్విడ్లు తగిలి పూత మసకబారడం. టీవీ ఆపి పక్కనుంచి చూస్తే ఇంద్రధనుస్సు రంగుల మచ్చలో, పాలిపోయిన చారలో కనబడతాయి.

మూడోది అన్నిటికన్నా ఖరీదైన తప్పు. తెర మీద నేరుగా స్ప్రే కొడితే ఆ చుక్కలన్నీ కలిసి ధారగా కిందికి జారతాయి. తెరకూ కింది ఫ్రేముకూ మధ్య ఉండేది వెంట్రుకవాసి సందు. దీపంలో వత్తి నూనెను పీల్చినట్టు ఆ సందు నీళ్లను లోపలికి లాగేసుకుంటుంది. చాలా మోడళ్లలో సరిగ్గా ఆ అంచు వెనకాలే తెరకు సిగ్నల్ అందించే సన్నని ఫిల్మ్ కనెక్షన్లు వరసగా అతికించి ఉంటాయి. ఒక్కో కనెక్షన్ తెరలో ఒక్కో నిలువు పట్టీని నడిపిస్తుంది. అక్కడ తడి ఉండగా కరెంటు పారితే షార్ట్ అవుతుంది, లేదా మెల్లగా తుప్పు పడుతుంది. నిలువు గీతలు పడటం, తెరలో ఒక పట్టీ నల్లబడటం అలా వచ్చేవే. తుప్పు వెంటనే బయటపడదు. గీత కనబడే నాటికి, ఎప్పుడో కొట్టిన స్ప్రే ఎవరికీ గుర్తుండదు. ప్యానెల్ మార్చాలంటే ఖర్చు చాలాసార్లు కొత్త టీవీ ధరకు దగ్గరికి వెళ్తుంది, నీళ్లు పోయిన నష్టం మామూలు వారంటీలోకి రాదు.

కావలసినవి

కావలసినవి తక్కువే. 30 నుంచి 40 సెంటీమీటర్ల చదరంలో మైక్రోఫైబర్ గుడ్డలు మూడు: ఒకటి దుమ్ముకు, ఒకటి తడికి, ఒకటి ఆఖరున ఆరబెట్టడానికి. కళ్లజోడుతో ఇచ్చే గుడ్డ ల్యాప్‌టాప్‌కు సరిపోతుంది గానీ 43 అంగుళాల టీవీకి చాలదు. కెమెరా లెన్సులు ఊదే రబ్బరు బ్లోయర్ ఒకటి ఉంటే చాలా మేలు. చేతిలో పట్టి నొక్కితే గాలి కొట్టే చిన్న బంతి లాంటిది అది.

నీళ్ల విషయంలో పట్టింపు అవసరం. బోరు నీళ్లతో కడిగిన స్టీలు గ్లాసు ఆరాక తెల్లటి చుక్కలు మిగులుతాయి కదా, అవే నల్లటి తెర మీద మరీ కొట్టొచ్చినట్టు కనబడతాయి. అందుకే డిస్టిల్డ్ వాటర్ వాడండి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్లు అవే, బ్యాటరీ షాపుల్లో సీసాల్లో దొరుకుతాయి. అదే షాపులో బ్యాటరీ యాసిడ్ కూడా అమ్ముతారు కాబట్టి సీసా మీద పేరు చదివి మరీ తీసుకోండి. అది దొరక్కపోతే ఆర్వో ఫిల్టర్ నీళ్లు ఫర్వాలేదు.

పాత బనియన్ గుడ్డ, చీర కొంగు, టవల్, టిష్యూ పేపర్, న్యూస్ పేపర్ ఇవేవీ తెర దగ్గరికి తీసుకురావద్దు. కాగితమంటే చెక్క పీచు, ప్లాస్టిక్ పొరకు అది గరుకే. అద్దాలు తుడిచే స్ప్రేల్లో చాలావాటిలో ఆల్కహాలు గానీ అమ్మోనియా గానీ ఉంటుంది. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో అసిటోన్, పెయింట్ థిన్నర్‌లో అలాంటివే ఘాటైన సాల్వెంట్లు (రంగును కరిగించే ద్రవాలు) ఉంటాయి. శానిటైజర్‌లో అధిక భాగం ఆల్కహాలే. 2020లో కరోనా భయంతో ల్యాప్‌టాప్ తెరలకు దాన్ని రాసే అలవాటు మొదలైంది, ఇంకా చేస్తూ ఉంటే మానేయండి. పిల్లలకు వాడే వెట్ వైప్స్ మెత్తగానే ఉంటాయి గానీ వాటిలోని లోషన్ జిడ్డు పొరగా మిగులుతుంది.

తుడిచే వరస

రిమోట్‌తో ఆపితే సరిపోదు. గోడ దగ్గర స్విచ్ ఆపి, ప్లగ్ తీసేయండి. అరగంట ఆగండి. వేడి తెర మీద తడి తుడవకముందే ఆరిపోయి చారలు కడుతుంది. పైగా నల్లగా ఆరిపోయిన తెర మీదే మరకలు బాగా కనబడతాయి. ఫ్యాను కూడా ఆపండి, లేకపోతే రెక్కల మీది దుమ్ము తుడిచినంతసేపూ రాలుతూనే ఉంటుంది.

మొదట బ్లోయర్‌తో పైనుంచి కిందికి ఊదండి, నోటితో ఊదితే తుంపర పడుతుంది. తర్వాత పొడి మైక్రోఫైబర్ గుడ్డను నాలుగు మడతలు వేయండి. అలా మడిస్తే తిప్పి తిప్పి వాడుకోవడానికి ఎనిమిది శుభ్రమైన ముఖాలు దొరుకుతాయి. గుడ్డ బరువు తప్ప చేతి బరువు పడకుండా, ఎడమ నుంచి కుడికి ఒకే దిక్కులో లాగుతూ, పైనుంచి కిందికి రండి. రెండు మూడు వరసలకోసారి ముఖం మార్చండి. గుండ్రంగా రుద్దితే రేణువు అదే చోట తిరుగుతూ గీస్తుంది. మామూలు దుమ్మైతే పని ఇక్కడికే అయిపోతుంది, తడి జోలికి పోనక్కర్లేదు.

వేలిముద్రలు ఉంటేనే తడిగుడ్డ. ఎంత తడి అన్నదే అసలు కిటుకు. గుడ్డను డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, ఇక చుక్క కూడా రానంత గట్టిగా పిండండి. దాన్ని మీ చేతి వెనక భాగానికి ఆనించి తీయండి. చల్లగా తగలాలి, చర్మం మీద మెరిసే తడి మిగలకూడదు. మెరుస్తోందంటే ఇంకా పిండాలి. అదే వరసలో తుడుస్తూ వచ్చి, కింది అంచుకు రెండు వేళ్ల ఎడం ఉందనగా ఆగండి. ఆ మిగిలిన పట్టీని దాదాపు ఆరిపోయిన గుడ్డతో పక్కలకు తుడవండి. వెంటనే మూడో గుడ్డతో, పొడిగా, మళ్లీ అదే దారిలో. తుడిచాక సెల్‌ఫోన్ టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేసి చూస్తే మిగిలిన చారలు బయటపడతాయి.

టీవీ స్టాండు మీద ఉంటే ఒక చేత్తో పై ఫ్రేము పట్టుకోండి, కొద్దిగా తోసినా ముందుకో వెనక్కో ఒరిగిపోతుంది. తెర మీద మాత్రం అరచెయ్యి ఆనించి బలం తీసుకోవద్దు. టీవీ ఆన్ చేసేముందు మరో అరగంట ఆగండి. వర్షాకాలంలో, కోస్తా ఉక్కపోతలో గంట ఆగినా తప్పు లేదు.

జిడ్డు, పసుపు, బొట్టుబిళ్లలు

హాలూ వంటిల్లూ కలిసిన ఫ్లాట్లలో తాలింపు పొగ, రోజూ వెలిగించే అగరుబత్తి, సాంబ్రాణి పొగ కలిసి తెర మీద బంకలాంటి పొర కడతాయి. ఉత్త నీళ్లతో తుడిస్తే అది పోకపోగా అలుక్కుంటుంది. అరలీటరు డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెలు తోమే లిక్విడ్ ఒకే ఒక్క చుక్క వేయండి. ఎక్కువ వేస్తే జిడ్డుకు బదులు సబ్బు పొర మిగులుతుంది. ఆ నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో ఒకసారి, ఉత్త డిస్టిల్డ్ వాటర్‌లో పిండిన గుడ్డతో ఇంకోసారి, తర్వాత పొడిగుడ్డ. మధ్యలో ఉత్త నీళ్ల తుడుపు వదిలేస్తే రెండు రోజుల్లో దుమ్మంతా వచ్చి అతుక్కుంటుంది.

ఎండిన బల్లి రెట్ట, ఈగ మచ్చ, పిల్లలు అంటించిన స్టిక్కరు, ఎవరో అతికించిన బొట్టుబిళ్ల: వీటిని గోటితో గీకాలనిపిస్తుంది, గీకవద్దు. పిండిన తడిగుడ్డను ఆ మచ్చ మీద ఒక నిమిషం ఆనించి ఉంచండి, నొక్కకుండా. నానాక మెల్లగా లాగితే వస్తుంది. రాకపోతే ఇంకో రెండుసార్లు నానబెట్టండి. బొట్టుబిళ్ల జిగురు చిన్న వలయంలా మిగిలితే సబ్బు చుక్క కలిపిన నీళ్లతో ఇదే పని చేయండి. అప్పటికీ పోని జిగురును అలాగే వదిలేయడం మేలు. బియ్యపుగింజంత మచ్చ కోసం అరచేతి వెడల్పు పూత పోగొట్టుకోవద్దు.

దసరా ఆయుధపూజకు కంప్యూటర్‌కూ టీవీకీ పసుపు, కుంకుమ పెట్టే ఇళ్లు ఎన్నో. బొట్టు స్టాండుకో, కింది బల్లకో పెట్టండి, తెరకు వద్దు. పసుపులోని రంగు నీళ్లలో దాదాపు కరగదు. బట్టల సబ్బు లాంటి క్షారం తగిలితే, సున్నం కలిపిన పారాణిలా ఎర్రబడుతుంది. పొడి తెర మీద రాలితే తడి తగలకముందే బ్లోయర్‌తో ఊదేయండి. పండగ ముందు బూజులు దులిపేటప్పుడు, సున్నాలు వేయించేటప్పుడు టీవీ మీద పాత దుప్పటి కప్పండి. గోడల నుంచి రాలే సున్నపు పొడి కూడా తెరను గీస్తుంది.

మానిటర్, ల్యాప్‌టాప్

మెరుపులేని మ్యాట్ మానిటర్ తెర మీద కంటికి కనబడనంత సన్నని గరుకు ఉంటుంది. ఒకేచోట రుద్దితే ఆ గరుకు అరిగి అక్కడ నిగనిగలాడే మచ్చ మిగులుతుంది. టచ్ స్క్రీన్లకు పైన గాజు ఉంటుంది, కాస్త తట్టుకుంటుంది. దాని మీద జిడ్డు అంటని పూత ఉంటుంది కాబట్టి రసాయనాల జాగ్రత్త దానికీ తప్పదు. మినహాయింపులు కంపెనీ చెబితేనే. ఉదాహరణకు యాపిల్ తన నానో టెక్స్చర్ (మెరుపు తగ్గించిన గాజు) తెరలకు, తాను ఇచ్చిన గుడ్డే వాడాలనీ, మొండి మరకలకు ఆ గుడ్డను 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడపవచ్చనీ చెబుతుంది. అది చదివి ఇంట్లో ఉన్న మామూలు టీవీకి ఆల్కహాలు రాయకూడదు.

ల్యాప్‌టాప్ తెర మీద చదరపు గళ్లు కనబడుతుంటే అవి కీబోర్డు అచ్చులు. మూసినప్పుడు మీటల మీది చేతి జిడ్డు తెరకు అంటుకుంటుంది. కీబోర్డు తుడవకుండా తెర ఒక్కటే తుడిస్తే మర్నాటికి మళ్లీ వస్తాయి. తెర తుడిచేటప్పుడు వెనకనుంచి అరచెయ్యి పరిచి ఆసరా ఇవ్వండి.

పొరపాటున నీళ్లు లోపలికి పోతే

ఆన్ చేసి చూడవద్దు. ప్లగ్ తీసి, టీవీని నిలువుగానే ఉంచండి. పడుకోబెట్టినా తలకిందులు చేసినా కింది అంచులో ఉన్న నీరు తెర పొరల మధ్యకు పాకుతుంది. కింది సందు వెంట పొడిగుడ్డ అంచును ఆనించి పీల్చనివ్వండి. ఫ్యాను గాలి పెట్టి కనీసం 48 గంటలు వదిలేయండి. హెయిర్ డ్రయ్యర్ వద్దు, ఆ వేడికి ఫిల్ము లేస్తుంది. వెనక మూత మీరు విప్పవద్దు, పవర్ బోర్డు కెపాసిటర్లలో ప్లగ్ తీశాక కూడా షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉండవచ్చు. నీళ్లు ఎక్కువే పోయాయనిపిస్తే ఆరిందనుకున్నా ఆన్ చేయకుండా మెకానిక్‌కు చూపించండి.

పని అయ్యాక గుడ్డలను విడిగా, కొద్దిపాటి డిటర్జెంట్‌తో ఉతకండి. బట్టలకు మెత్తదనం కోసం వేసే కండిషనర్ వేయవద్దు, అది గుడ్డ పోగుల మీద మైనంలా పట్టి తర్వాత తెరకు చారలు తెస్తుంది. టవళ్లతో కలిపి ఉతికితే నూగు పడుతుంది. నీడన ఆరేసి జిప్ కవర్లో పెట్టుకోండి. తుడుస్తుండగా గుడ్డ నేల మీద పడితే దులిపి వాడవద్దు, పక్కన పడేసి ఇంకోటి తీసుకోండి.