కిటికీలు మార్చుకుందాం, 4వ పాఠం: ఎస్ఎఫ్‌టీ రేటును నమ్మొద్దు

ఈసారి నేరుగా కొటేషన్లలోకి దిగాలి. కాని పోయిన పాఠం బాకీ ఇంకా తీరలేదు. పాత టేకు కిటికీలు తీసి యూపీవీసీవి (గట్టి ప్లాస్టిక్కువి) పెట్టించడానికి కొలతలు తీయమన్నాను, తీశారు. చాలామంది కాగితాల్లో మాత్రం 4.6 × 4.2 అని ఉంది. అది నాలుగడుగుల ఆరంగుళాలా, నాలుగు పాయింట్ ఆరు అడుగులా? రాసిన మీకు తెలుసు. ఫ్యాక్టరీలో ప్రొఫైలు (ఫ్రేము చేసే పొడవాటి పట్టీ) కోసేవాడికి తెలియదు.

నాలుగడుగుల ఆరంగుళాలంటే 1372 మి.మీ. 4.6 అడుగులంటే 1402 మి.మీ. మనం ఒక్కో పక్క వదిలే సందు 5 మి.మీ. మాత్రమే. అలాంటి చోట 30 మి.మీ. పెరిగితే ఫ్రేము గోడలో దూరదు. యూపీవీసీ మూలలు వేడితో అతికించినవి, చెక్కలాగా కాస్త చిత్రిక పట్టి దూర్చడం కుదరదు. 4.11 అని రాస్తే ఇంకా ఘోరం. నాలుగడుగుల పదకొండు అంగుళాలు 1499 మి.మీ., 4.11 అడుగులు 1253 మి.మీ. దాదాపు పావు మీటరు మాయం! కాబట్టి అన్నీ మిల్లీమీటర్లలోకి మార్చండి. అడుగుకు 304.8, అంగుళానికి 25.4. టేపులో మి.మీ. వైపే చూసి కొలిస్తే ఈ లెక్క కూడా అక్కర్లేదు.

ఇంకో తప్పు: కొందరు పాత ఫ్రేము లోపలి కొలత ఇచ్చారు. ఫ్రేము పెరికేస్తే కావలసింది గోడ కొలత. అది ప్లాస్టరింగ్ వెనక దాక్కుని ఉంటుంది కాబట్టి ముందు తీసినది అంచనాకే. తయారీకి ఇచ్చే కొలతను పాత ఫ్రేము తీశాక కాంట్రాక్టరే తీసి సంతకం పెట్టాలి. పాత ఫ్రేములోనే కొత్తది కూర్చోబెడతామంటే పని తొందరగా అవుతుంది, గోడ పగలదు. కాని అద్దం చిన్నదవుతుంది, చెక్కలో చెదలుంటే అలాగే ఉండిపోతాయి. చెదపట్టిన ఇంట్లో నేనైతే ఆ దారికి పోను.

ఇక కొటేషన్లు. మూడు తెప్పించుకోవాలని వేరే చెప్పక్కర్లేదు. అందరూ పడే గొయ్యి ఒకటే, చదరపు అడుగుకు ఇంతని చెప్పే ఎస్ఎఫ్‌టీ రేటు. "వాళ్లు 700 అంటున్నారు, వీళ్లు 560కే ఇస్తున్నారు" అనే మాట వింటేనే నాకు చిరాకు. దేని మీద 560? ఎన్ని అడుగుల మీద?

లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణకే. నాలుగడుగుల మూడంగుళాల వెడల్పు, నాలుగడుగుల రెండంగుళాల ఎత్తు ఉన్న కిటికీలు మూడు. బాత్‌రూమ్ వెంటిలేటర్లు రెండు, ఒక్కోటి రెండడుగులు × అడుగున్నర. కిటికీ ఒక్కోటి 17.71 చదరపు అడుగులు, మూడూ కలిపి 53.125. వెంటిలేటర్లు రెండూ 6. మొత్తం 59.125.

700 అన్నవాడు కిటికీలకు అసలు కొలతే కడుతున్నాడు, ఒక్కో వెంటిలేటరుకు కనీసం 6 చదరపు అడుగులు. అంటే 65.125 అడుగులు, 45,587 రూపాయల 50 పైసలు. 560 వాడి కాగితం అడుగున చిన్న అక్షరాల్లో రెండు ముక్కలుంటాయి: కొలతను పై అరడుగుకు సవరిస్తాం, కనీస బిల్లింగ్ 10 అడుగులు. అప్పుడు కిటికీ నాలుగున్నర × నాలుగున్నర అవుతుంది, అంటే 20.25. మూడు కలిసి 60.75. మూడడుగుల వెంటిలేటరు పదడుగులై కూర్చుంటుంది, రెండింటికి 20. మొత్తం 80.75 అడుగులు, 45,220 రూపాయలు. ఇద్దరికీ 18 శాతం జీఎస్టీ కలిపితే 53,793, 53,360. అడుగుకు 140 రూపాయల తేడా కాస్తా మొత్తం మీద 433 రూపాయలకు దిగింది. లేని ఇరవై ఒక్క అడుగులకు పైగా అద్దానికి మీరు డబ్బు కడుతున్నారు.

అందుకే రేటు వరసను కొట్టేయండి. పన్నుతో సహా చివరి మొత్తాన్ని మీ సొంత 59.125తో భాగించండి. ఒకటి 910, ఇంకొకటి 902.50 వస్తుంది. పోల్చాల్సింది వీటిని. బొమ్మ, మి.మీ. కొలత, బిల్లింగ్ విస్తీర్ణం మూడూ లేని కొటేషన్ను నేను చదవను కూడా.

ఆ 433 రూపాయలకు ఏం తగ్గిందో అప్పుడు వెతకండి. అద్దం 5 మి.మీ. మామూలుదా, వేడితో గట్టిపరిచిన టఫెన్డ్‌దా? టఫెన్డ్ అయితే మూలన చెరగని ముద్ర ఉంటుంది. ప్రొఫైలు లోపల ఇనుము ఫ్రేముకే ఉందా, రెక్కలకూ ఉందా, మందం ఎంత? నమూనా ముక్క మీద గట్టి అయస్కాంతం ఆనించండి. ప్లాస్టిక్కు అంటుకోదు, లోపల ఇనుముంటే అంటుకుంటుంది. స్లైడింగ్ అయితే రెక్కలు జరిగే గాడులు (ట్రాకులు) ఎన్నో చూడండి. టూ ట్రాక్‌లో దోమల జాలీకి చోటుండదు. రెండు అద్దాలతో పాటు జాలీ కావాలంటే టూ అండ్ హాఫ్ గాని త్రీ ట్రాక్ గాని అడగాలి. రెండు అద్దాల స్లైడింగ్ ఎంత తీసినా సగమే తెరుచుకుంటుంది. అందుకే పడకగదికి రెక్కల కిటికీయే నా ఓటు, గాలి మొత్తం లోపలికి వస్తుంది.

మూడు కొటేషన్లలోనూ కనబడనిది గ్రిల్లు. పాత ఇళ్లలో అది చెక్క ఫ్రేముకే బిగించి ఉంటుంది, ఫ్రేముతో పాటే ఊడి వస్తుంది. దాన్ని మళ్లీ గోడకు బిగించడం, వెల్డింగు, రంగు ఎవరి ఖర్చు? రెక్క బయటికి తెరుచుకోవాలంటే గ్రిల్లు లోపలి వైపు ఉండాలి. హోల్డ్‌ఫాస్టులు (ఫ్రేమును గోడలో పట్టి ఉంచే ఇనుప పట్టీలు) పెరికినప్పుడు పగిలే ప్లాస్టరింగ్, విరిగే గ్రానైట్ పట్టీ, మట్టి ఎత్తివేత కూడా రాయించండి. లేకుంటే తాపీమేస్త్రీని మీరే పిలుచుకోవాలి.

బిగింపు గురించి ఒక్క మాట. ట్రాకు అడుగున బయటి వైపు నీళ్లు పోయే రంధ్రాలుంటాయి. సిలికాన్ పూసేవాడు అందంగా ఉంటుందని వాటిని కూడా మూసేస్తాడు. తొలి వానకే ట్రాకు నిండి నీళ్లు గదిలోకి వస్తాయి. చివరి 10 శాతం డబ్బును చెంబుడు నీళ్లు ట్రాకులో పోసి, అవి బయటికి పోవడం చూశాకే ఇవ్వండి.

అభ్యాసం: మీ ఇంటి ప్రతి కిటికీకీ ఒక కాగితం. వెడల్పు మూడు చోట్ల, ఎత్తు మూడు చోట్ల, మూల నుంచి ఎదుటి మూలకు రెండు, అన్నీ మి.మీ.లో. చిన్న కొలతలకు గుండ్రం చుట్టండి. బయట నుంచి చూసినట్టు బొమ్మ గీసి రెక్క ఎటు తెరుచుకోవాలో బాణం వేయండి. అదే కట్ట జిరాక్సు తీసి ముగ్గురికీ ఇచ్చి కొత్త కొటేషన్లు తెప్పించండి, పైన చేసిన భాగారం మూడింటికీ వేయండి. రెండు వారాలు పడుతుంది. 5వ పాఠం అప్పటికే వస్తుంది.